గుర్రం దిగవలసిన గుమ్మం



డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్ల చర్చిల్లో సండే స్కూలు పిల్లలు క్రీస్తు జననం నాటకం వేస్తారు. తలకు తువ్వాలు చుట్టి చేతికి కర్ర ఇస్తే గొర్రెల కాపరి. అట్ట మీద మెరుపు కాగితం అంటించి కిరీటం పెడితే తూర్పు దేశపు జ్ఞాని. తెల్ల బట్టలు కట్టి వీపున రెక్కలు కడితే దేవదూత. హేరోదు రాజు వేషానికి గొంతు పెద్దగా ఉన్న కుర్రాణ్ణి వెతుకుతారు. ఇన్ని వేషాల మధ్య ఒక వేషం ఎవరి కంటికీ ఆనదు. వేసినా ఒక్క నిమిషంలో తెర వెనక్కి వెళ్లిపోతుంది. హేరోదు పిలిపించిన ప్రధాన యాజకులు, శాస్త్రుల వేషం అది. ఈ పూట నేను వాళ్ల దగ్గరే మొదలుపెడతాను.

మత్తయి సువార్త రెండో అధ్యాయం చూడండి. ఎక్కడో తూర్పు నుంచి నక్షత్రాన్ని చూసి బయలుదేరిన జ్ఞానులు యెరూషలేముకు వచ్చి, యూదులకు రాజుగా పుట్టినవాడు ఎక్కడున్నాడని అడుగుతారు. హేరోదు కలవరపడి పండితులను సమకూర్చి అదే ప్రశ్న వేస్తాడు. వాళ్లు తడుముకోలేదు. బేత్లెహేము అన్నారు, మీకా ప్రవక్త రాసిన మాటను ఆధారంగా చూపించారు. జవాబు అక్షరాలా సరైనది. యెరూషలేము నుంచి బేత్లెహేముకు తొమ్మిది, పది కిలోమీటర్లు. మెల్లగా నడిచినా రెండు మూడు గంటల దారి. తరతరాలుగా ఎదురుచూస్తున్నవాడు అక్కడ పుట్టి ఉండవచ్చని తెలిశాక కూడా ఆ పండితుల్లో ఒక్కరు చెప్పులు తొడుక్కుని బయలుదేరినట్టు మత్తయి రాయలేదు.

వాళ్లను దుర్మార్గులని అనడానికి ఈ కథలో ఆధారమేమీ లేదు. అబద్ధం చెప్పలేదు, ఎవరికీ హాని తలపెట్టలేదు. గ్రంథం వాళ్లకు కంఠతా వచ్చు. ఆ వచ్చుననే ధీమాతోనే కూర్చున్నచోట కూర్చుండిపోయారు. అడిగినవాళ్లకు దారి చెప్పారు, తాము మాత్రం దారి పట్టలేదు. గ్రంథం తెలియని పరాయి దేశస్థులు ఎన్నో రోజుల ప్రయాణం చేసి వచ్చి, వీళ్ల దగ్గర ఊరి పేరు తెలుసుకుని, వీళ్లను దాటుకుని వెళ్లి మోకరించారు. చర్చిలో ముందు వరుస కుర్చీల్లో కూర్చునేవాళ్లం, వాక్యం చెప్పేవాళ్లం, ఏ ప్రశ్నకైనా తడుముకోకుండా జవాబు ఇవ్వగలవాళ్లం ఈ ఘట్టం చదివినప్పుడు కాసేపు ఆగాలి. హేరోదు క్రూరత్వం మనకు చాలా దూరం. ఈ శాస్త్రులు మాత్రం మన పక్క ఇంట్లోనే ఉన్నారు.

క్రిస్మస్ కథ వినయం నేర్పుతుందని ఏటా వింటూనే ఉంటాం. అయితే ఎవరికి నేర్పుతోంది అన్నది నా ప్రశ్న. మన సమాజంలో అణకువ పాఠం ఎప్పుడూ కింద ఉన్నవాళ్లకే చెబుతాం. కొత్తకోడలికి చెబుతాం. కూలీకి చెబుతాం. ఊరి చివర ఉన్నవాళ్లకు తరాల తరబడి చెప్పాం. తల వంచుకుని ఉండమన్నాం, గొంతు పెంచవద్దన్నాం, అదే భక్తి అని కూడా అన్నాం. మత్తయి, లూకా సువార్తలు రెండూ దగ్గర పెట్టుకుని క్రీస్తు జననాన్ని చదివితే నాకు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న సంగతి కనిపిస్తుంది. ఇందులో దిగి రమ్మన్న పిలుపు పైన ఉన్నవాళ్లకే. కింద ఉన్నవాళ్లకు వినబడే మాట భయపడకండి అని.

మరియ సంగతే తీసుకోండి. నజరేతు అనే చిన్న ఊళ్లో పెళ్లి నిశ్చయమైన పిల్ల. దేవదూత వచ్చి చెప్పిన మాటకు ఆమె వెంటనే తల ఊపలేదు. ఇదెలా జరుగుతుందని అడిగింది. దేవదూత ఆ ప్రశ్నను తప్పుపట్టలేదు, జవాబు చెప్పాడు. ఆ తర్వాతే ఆమె తాను ప్రభువు దాసురాలినని ఒప్పుకుంది. అక్కడితో ఆగిందా? కొండసీమలో ఉన్న బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లి ఒక పాట పాడింది. బలవంతులు గద్దెల మీద నుంచి పడిపోతారనీ, దీనులు పైకి లేస్తారనీ, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుందనీ, ధనవంతులు వట్టి చేతులతో వెనక్కి వెళతారనీ చెప్పే పాట అది. లూకా మొదటి అధ్యాయంలో ఉంది. క్రిస్మస్ కార్డు మీద బొమ్మలో ఆమె కళ్లు ఎప్పుడూ కిందికే వాలి ఉంటాయి గాని, ఆ పాట పాడిన మనిషి కళ్లు దించుకుని పాడి ఉంటుందని నేననుకోను. దేవుని ముందు తనను దాసురాలినని చెప్పుకున్నది కాబట్టే ఆమెకు రాజుల ముందు బెదురు లేకపోయింది.

ఆమెకు నిశ్చయమైన పెళ్లికొడుకు యోసేపుది మరో దారి. నాలుగు సువార్తలూ వెతికినా అతను పలికిన మాట ఒక్కటి దొరకదు. చేసిన పనులు మాత్రం వరుసగా కనిపిస్తాయి. మరియ గర్భవతి అని తెలిసినప్పుడు ఆమెను నలుగురిలో నిలబెట్టి అవమానించే వీలు అతనికి ఉంది. ఆ కాలపు కట్టుబాటు అతని పక్షాన ఉంది. అయినా గుట్టుచప్పుడు కాకుండా విడిచిపెడదామనుకున్నాడు. కలలో దూత చెప్పాక ఆ ఆలోచన కూడా మానుకుని ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. బిడ్డకు యేసు అని పేరు పెట్టి తన వంశంలో చేర్చుకున్నాడు. హేరోదు కత్తులు వచ్చేలోపు రాత్రికి రాత్రి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు వెళ్లిపోయాడు. ఇంట్లో అధికారం తనదే అయిన మగవాడు, పరువు పోతుందని తెలిసి కూడా ఆ అధికారాన్ని పక్కన పెట్టాడు. నీతిమంతుడు అని మత్తయి అతని గురించి చెప్పిన మాటకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు కాస్త రోము వైపు చూద్దాం. లూకా ఈ కథను కైసరు ఔగుస్తు ఆజ్ఞతో మొదలుపెట్టాడు. లోకమంతా జనసంఖ్య రాయించుకోవాలని ఆజ్ఞ. ఆ చక్రవర్తి నాణేల మీద తనను దేవుని కుమారుడని రాయించుకున్నాడు, చనిపోయాక దేవుళ్లలో చేర్చిన జూలియస్ సీజరుకు దత్తపుత్రుడు కాబట్టి. నేటి టర్కీ పశ్చిమ తీరంలో ప్రియేనే అనే పాత పట్టణం శిథిలాల్లో క్రీస్తు పూర్వం 9వ సంవత్సరపు శాసనం ఒకటి దొరికింది. ఔగుస్తు పుట్టినరోజు లోకానికి సువార్తలకు ప్రారంభమనీ, ఇకమీదట కొత్త సంవత్సరం ఆ రోజు నుంచే లెక్కించాలనీ ఆ రాతి మీద చెక్కారు. సెప్టెంబరు 23 ఆ రోజు. అంటే బేత్లెహేము పొలాల్లో దూత సువర్తమానం చెప్పడానికి కొన్నేళ్ల ముందే, రోము ఏలుబడిలో మరో జననం గురించి అదే మాట రాళ్ల మీదికి ఎక్కింది. ఒక జననాన్ని అధికారులు తీర్మానం చేసి చెక్కించారు. రెండోది రాత్రిపూట మంద కాచుకునేవాళ్ల చెవిన పడింది.

బేత్లెహేముకు ఆగ్నేయంగా ఐదారు కిలోమీటర్ల దూరంలో మొన తెగిన శంఖువులా ఒక కొండ కనిపిస్తుంది. దాని పేరు హేరోదియం. హేరోదు తన పేరు పెట్టి కట్టించుకున్న కోట అది. కొండ చుట్టూ మట్టి పోయించి ఎత్తు పెంచి, పైన రాజభవనం, కింద ఈతకొలను, తోటలు ఏర్పాటు చేయించాడు. తన సమాధి కూడా అక్కడే ఉండాలనుకున్నాడు. ఆ సమాధి దొరికిందని ఇజ్రాయెల్ పురావస్తు శాస్త్రవేత్త ఎహుద్ నెట్జర్ 2007లో ప్రకటించారు. బేత్లెహేములో ఉన్నవాళ్లకు తల ఎత్తితే ఆ కొండ కనబడుతుంది. మనిషి కట్టుకున్న ఎత్తు నీడలో, పశువులు మేసే తొట్టిలో ఆ బిడ్డ పడుకున్నాడు.

ఆ తొట్టి దగ్గర కాస్త ఆగుదాం. మనం దాన్ని గడ్డి పరిచిన ముచ్చటైన చెక్క ఉయ్యాలలా బొమ్మల్లో చూస్తాం. యూదయ కొండల్లో సున్నపురాయికి కొదవ లేదు. ఆ దేశంలో తవ్వకాల్లో రాతిని తొలిచి చేసిన పశువుల తొట్లు దొరికాయి. మన కొట్టాల్లో గాడి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఊహించుకోవడం కష్టం కాదు. అంచులు పశువుల మెడలు రాసుకుని నునుపెక్కి ఉంటాయి. లోపల నమిలి వదిలిన గడ్డి, చొంగ తడి, ఈగలు. ఆ కాలపు పల్లె ఇళ్లలో మనుషులు పడుకునే అరుగుకు కాస్త కిందుగా, ఒకే కప్పు కింద పశువులను కట్టేసుకోవడం ఉండేదని చాలామంది పండితులు చెబుతున్నారు. అదే నిజమైతే అది ఊరవతల పాడుబడ్డ పాక కానక్కరలేదు. చుట్టాలతో కిక్కిరిసిన ఒక పేద ఇంట్లో మిగిలిన చోటు కావచ్చు. నాకు ఈ ఊహ మరింత నచ్చుతుంది. రక్షకుడు వచ్చింది ఎవరూ లేని చోటికి కాదు, మనుషులూ పశువులూ ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత ఇరుకులోకి.

దూత కాపరులకు ఇచ్చిన ఆనవాలు వినండి. పొత్తిగుడ్డలు చుట్టిన పసికందు, పశువుల తొట్టిలో పడుకుని ఉంటాడు. అంతే. మన ఇళ్లలో కూడా పసిబిడ్డకు పొత్తిగుడ్డలంటే వాడి వాడి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలు చింపి చేసినవే. కొత్త గుడ్డ గరుకుగా ఉంటుందని పెద్దవాళ్లు వద్దంటారు. ఆకాశం నిండా మహిమ ప్రకాశించాక ఇచ్చిన ఆనవాలు ఇది. ఇంత మామూలుగా ఎందుకుంది? కాపరులు గుర్తుపట్టగలిగిన ఆనవాలు కాబట్టి. రాజభవనంలో బంగారు తొట్టెలో ఉన్నాడని చెప్పి ఉంటే వాళ్లు కాపలావాడి దగ్గరే ఆగిపోయేవాళ్లు. తొట్టి అంటే వాళ్లకు తెలుసు. పశువుల కొట్టంలోకి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గొర్రెల వాసన అంటిన బట్టలు మార్చుకోనక్కర్లేదు. వాళ్లు వంగింది బిడ్డను చూడడానికి మాత్రమే. తొట్టిలో ఉన్న పసివాణ్ణి చూడాలంటే ఎంతటివాడైనా వంగాల్సిందే, దానికి మించిన వంగుడు వాళ్లనెవరూ అడగలేదు.

జ్ఞానుల సంగతి అలా కాదు. వాళ్లకు దిగాల్సిన మెట్లు చాలా ఉన్నాయి. వాళ్లు ముగ్గురని మత్తయి చెప్పలేదు, రాజులనీ చెప్పలేదు. మూడు కానుకలున్నాయి కాబట్టి ముగ్గురయ్యారు. మనకు తెలిసిందల్లా వాళ్లు చదువుకున్నవాళ్లు, నక్షత్రాల లెక్క తెలిసినవాళ్లు, రాజు దర్బారులో అడుగుపెట్టగలవాళ్లు, ఖర్చుకు వెనకాడనివాళ్లు అని. యూదుల రాజు అనగానే తిన్నగా రాజధానికే వెళ్లారు, సహజమే. అక్కడ లేడని తెలిశాక చిన్న ఊరికి మళ్లారు. ఇంట్లోకి వెళ్లి చూస్తే ఒక తల్లి, ఒళ్లో బిడ్డ. కొలువు లేదు, కాపలా లేదు, వచ్చినవాళ్ల హోదా గుర్తించి లేచి నిలబడేవాడు లేడు. ఇక్కడే పొరబడ్డామని వాళ్లు వెనక్కి తిరగవచ్చు. వాళ్లు సాగిలపడ్డారు.

మత్తయి చెప్పిన క్రమం గమనించండి. ముందు సాగిలపడి పూజించారు, తర్వాతే పెట్టెలు విప్పారు. ఈ క్రమంలో నాకు ఆరాధనంటే ఏమిటో తెలుస్తుంది. నిలబడి ఇస్తే అది దానం. ఇచ్చేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేవాడి చెయ్యి కింద ఉంటాయి. నేల మీద ఉండి ఇచ్చినప్పుడు ఆ పై, కిందల లెక్క పోతుంది. డిసెంబరులో మన ఊళ్లలో ఎన్ని సెమీ క్రిస్మస్ సభలు జరుగుతాయో చూస్తూనే ఉన్నాం. వేదిక మీద పెద్దల కుర్చీలు, శాలువాలు, ముఖ్య అతిథి చేత కేకు కోయించడం, ఆ తర్వాత ముసలమ్మలను వరుసలో నిలబెట్టి దుప్పటి చేతికిస్తూ ఫోటో. ఫోటో సరిగ్గా రాలేదని దుప్పటి వెనక్కి పుచ్చుకుని మళ్లీ ఇవ్వడం నేను చూశాను. ఆ అమ్మ రెండోసారి కూడా చేతులు జోడించింది. ఆ దుప్పటి ఆమెకు అవసరమే, ఇవ్వడం మంచిదే. కాని బేత్లెహేము ఇంట్లో పెట్టెలు విప్పినవాళ్లు ఇలా విప్పలేదు. ఇవ్వాలనుకున్నవాళ్లు వేదిక దిగి, ఆమె కూర్చున్న చాప దగ్గరికి వెళ్లి, ఆమె పేరు అడిగి, ఆమె కప్పుకున్న తర్వాత రావచ్చు కదా.

ఆ మూడు కానుకల గురించి ఒక్క మాట. బంగారం గురించి చెప్పనక్కర్లేదు. సాంబ్రాణి అరేబియా దక్షిణ ప్రాంతాల్లోనూ, సోమాలియాలోనూ పెరిగే చెట్ల బెరడుకు గాటు పెడితే కారి గడ్డకట్టే బంక. యెరూషలేము ఆలయంలో ధూపానికి అది కావాలి. బోళం కూడా అలాంటి బంకే, రుచికి చేదు. మన తెలుగు ఇళ్లలో బాలింతలకు పెట్టే బాలింతబోలు అదే. ప్రసవించిన తల్లి ఉన్న ఇంటికి ఎవరో బోళం పట్టుకొచ్చారంటే మన అమ్మమ్మలు వింతగా చూడరు, అవసరమైన వస్తువే తెచ్చారంటారు. సువార్తలు ఆ బోళాన్ని మళ్లీ రెండుసార్లు చూపిస్తాయి. సిలువ వేసేముందు బోళం కలిపిన ద్రాక్షారసం యేసుకు ఇవ్వబోయారు, ఆయన తీసుకోలేదు. చనిపోయాక నీకొదేము బోళం, అగరు కలిపి తెచ్చాడు, వాటితో దేహాన్ని బట్టల్లో చుట్టారు. దిగి రావడం తొట్టితో ఆగలేదు, సమాధి దాకా సాగింది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు చెప్పిందీ అదే. దేవునితో సమానంగా ఉన్నవాడు ఆ స్థానాన్ని పట్టుకుని వేలాడలేదనీ, తనను ఖాళీ చేసుకుని దాసుడి రూపం ఎత్తాడనీ, మరణం వరకు తగ్గాడనీ.

హేరోదు కూడా పూజిస్తానన్నాడు. ఆ బిడ్డ దొరికితే కబురు చేయండి, నేనూ వచ్చి పూజిస్తానని జ్ఞానులతో చెప్పాడు. మాటల్లో తేడా లేదు. తన కుర్చీ పోతుందన్న భయం ఉన్నవాడి నోట ఆరాధన అనే మాట ఎంత ప్రమాదమో ఆ తర్వాత అతని చేతిలో పసిబిడ్డలను పోగొట్టుకున్న బేత్లెహేము తల్లులు చూశారు.

మళ్లీ లూకా దగ్గరికి వద్దాం. బిడ్డ పుట్టి నలభై రోజులు గడిచాయి. ధర్మశాస్త్రం ప్రకారం మరియ శుద్ధి కోసం, బిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించడం కోసం యెరూషలేము ఆలయానికి వెళ్లారు. తల్లి తేవలసిన బలి ఏడాది గొర్రెపిల్ల ఒకటి, పావురంపిల్లో గువ్వో ఒకటి. గొర్రెపిల్లను కొనే స్తోమత లేకపోతే రెండు గువ్వలతోనో, రెండు పావురంపిల్లలతోనో సరిపెట్టుకోవచ్చని లేవీయకాండం పన్నెండో అధ్యాయం వెసులుబాటు ఇచ్చింది. లూకా గొర్రెపిల్ల ఊసే ఎత్తకుండా పక్షుల జంటను మాత్రమే చెప్పాడు. అంటే ఆ దంపతులు పేదల వరుసలో నిలబడ్డారు. పేదలకు ఇచ్చిన వెసులుబాటును వాడుకున్నారు, దానికి సిగ్గుపడలేదు. అప్పు చేసి గొర్రెపిల్లను కొనలేదు. మన పండుగల్లో నలుగురూ ఏమనుకుంటారో అని చేసే అప్పులు తలచుకుంటే ఆ రెండు పక్షులు నాకు చాలా గౌరవంగా కనిపిస్తాయి. పెద్దయ్యాక యేసు అదే ఆలయ ప్రాంగణంలో వ్యాపారుల బల్లలు పడదోసినప్పుడు, పావురాలు అమ్మేవాళ్ల పీటలను కూడా పడదోశాడని సువార్త ప్రత్యేకంగా చెబుతుంది. పావురాలు కొనేది ఎవరో ఆయనకు తెలుసు. ఆయన తల్లి కొన్నది అవే.

ఆ బిడ్డను గుర్తుపట్టింది ఆలయ అధికారులు కాదు. సుమెయోను అనే భక్తుడు ఒకరు, అన్న అనే ఎనభై నాలుగేళ్ల విధవరాలు ఒకరు. ఏడేళ్ల కాపురం తర్వాత భర్త పోయిన మనిషి ఆమె. లూకా ఆమెను ప్రవక్త్రి అన్నాడు. తండ్రి పేరు, గోత్రం పేరుతో సహా రాశాడు. ఆమె బిడ్డను చూసి ఊరుకోలేదు, విడుదల కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్లందరికీ చెప్పింది. వయసు మళ్లిన ఒంటరి స్త్రీ మాటకు విలువ ఇవ్వని లోకంలో లూకా ఆమెకు సాక్షి స్థానం ఇచ్చాడు.

బేత్లెహేములో నేడు ఉన్న జనన దేవాలయానికి పెద్ద చరిత్రే ఉంది. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలంలో, నాలుగో శతాబ్దంలో, సంప్రదాయం చూపిన గుహ మీద మొదటి గుడి లేచింది. ఆరో శతాబ్దంలో దాన్ని పెద్దదిగా తిరిగి కట్టారు. ముఖద్వారం ఎదుట నిలబడితే రాతిగోడ మీద మూడు కాలాలు కనిపిస్తాయి. పైన జస్టీనియన్ కాలపు వెడల్పైన ద్వారం పైకమ్మి. దాని కింద సిలువ యుద్ధాల కాలపు మొనదేలిన కమాను. వాటిని రాళ్లతో మూసివేస్తూ వచ్చాక అడుగున మిగిలిన దారి నాలుగడుగుల ఎత్తు మాత్రమే ఉంది. పిల్లలు తప్ప ఎవరు వెళ్లినా నడుం వంచాల్సిందే. దానికి వినయ ద్వారం అని పేరు. అంత చిన్నదిగా ఎందుకు చేశారంటే, గుర్రాల మీద, బండ్ల మీద లోపలికి దూసుకువచ్చేవాళ్లను ఆపడానికని చెబుతారు. ఆ కారణం విన్నప్పటి నుంచి నాకు ఆ గుమ్మం మీద గౌరవం పెరిగింది. కాలినడకన వచ్చినవాడికి అది ఒక్క క్షణం నడుం వంచడం. గుర్రం మీద వచ్చినవాడు ముందు గుర్రం దిగాలి.

గుమ్మం వంచినంత మాత్రాన మనసు వంగదన్న బాధ కూడా అక్కడే ఉంది. ఆ దేవాలయంలో గ్రీకు ఆర్థడాక్స్, ఆర్మీనియన్, రోమన్ కేథలిక్ సంఘాలు మూడింటికీ హక్కులున్నాయి. ఏ దీపం ఎవరిది, ఏ మెట్టు ఎవరు తుడవాలి అన్నంత వరకు లెక్కలున్నాయి. గుహలో నేల మీద పద్నాలుగు మొనల వెండి నక్షత్రం ఉంటుంది. 1847లో అది మాయమైంది. పవిత్ర స్థలాల మీద హక్కులు ఎవరివన్న ఆ తగాదా క్రిమియా యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి అయింది. 2011 డిసెంబరులో పండుగకు గుడి శుభ్రం చేస్తూ గ్రీకు, ఆర్మీనియన్ మతగురువులు ఎవరి హద్దు ఎక్కడిదాకా అని చీపుళ్లతో కొట్టుకుంటే పోలీసులు వచ్చి విడదీయాల్సి వచ్చింది. ఇది వేరే దేశం సంగతి అని చెప్పి ఊరుకోలేను. కమిటీ ఎన్నికల మీద, స్థలాల మీద, కులం పేరు మీద చీలిపోయిన సంఘాలు మన దగ్గర లేవా? ఒకే ఊళ్లో రెండు చర్చిలు, రెండు శ్మశానాలు లేవా? తొట్టి దగ్గర కలిసి మోకరించలేనివాళ్లం ఇంకెక్కడ కలుస్తాం?

అదే తొట్టి దగ్గర కలిసినవాళ్ల కథ ఇటలీలో ఉంది. 1223 డిసెంబరులో ఫ్రాన్సిస్ ఆఫ్ అస్సీసీ గ్రేచో అనే కొండ ఊళ్లో క్రిస్మస్ చేయదలచాడు. జోవాన్ని అనే అక్కడి ప్రభువుకు ముందుగా కబురు పంపి, తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద సిద్ధం చేయించాడు. యేసు పసితనంలో పడిన ఇబ్బందిని కంటితో చూడాలన్నది అతని కోరిక. ఆ రాత్రి చుట్టుపక్కల జనం దివిటీలు, కొవ్వొత్తులు పట్టుకుని కొండెక్కి వచ్చారు. తొట్టి మీదే పూజ జరిగింది. ఫ్రాన్సిస్ సువార్త పాడి ప్రసంగించాడు. బేత్లెహేము అనే మాట గొర్రెపిల్ల అరుపులా పలికేవాడని అతని తొలి జీవిత చరిత్రకారుడు తోమాసో రాశాడు. సంపన్న బట్టల వ్యాపారి కొడుకై ఉండి అన్నీ వదిలేసినవాడు ఫ్రాన్సిస్. ఒక ప్రభువు చేత గడ్డి మోయించగలిగాడు. నేడు మన ఇళ్ల ముందు, చర్చి ఆవరణల్లో కట్టే పశువుల పాకలకు ఆ రాత్రి పెద్ద ప్రేరణ.

మన మెదక్ చర్చి గురించి చెప్పకుండా ఎలా ఉంటాను? కరువుతో జనం అల్లాడుతున్న రోజుల్లో, వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ నిర్మాణం చేపట్టి ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చి తిండి పెట్టారు. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే, దాన్ని ప్రతిష్ఠించారు. అక్కడ క్రీస్తు జననాన్ని చూపే రంగుటద్దాల కిటికీ ఒకటి ఉంది. పగటి వెలుగు అద్దంలోంచి వస్తేనే లోపలివాళ్లకు బొమ్మ కనబడుతుంది. క్రిస్మస్ రోజున మతం ఏదని అడగకుండా జనం అక్కడికి బస్సుల్లో, ఆటోల్లో వస్తారు. ఆ గోడలను చూసేవాళ్లు శిల్పుల నైపుణ్యం గురించి, గోపురం ఎత్తు గురించి మాట్లాడతారు. నాకు మాత్రం పిడికెడు గింజల కోసం తల మీద రాళ్లు మోసిన ఆడవాళ్లు, మగవాళ్లు గుర్తొస్తారు. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. ఆ కిటికీలో తొట్టి చుట్టూ చేరినవాళ్లకు దగ్గరి చుట్టాలు వాళ్లే.

ఇక కాపరులు. వాళ్లు తొట్టిలోని బిడ్డను చూశారు, విన్నది నలుగురికీ చెప్పారు, దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారు. మళ్లీ మంద దగ్గరికే. వాళ్ల పని మారలేదు, కూలి పెరిగినట్టు లేదు. ఆ తర్వాత సువార్తలో వాళ్ల ప్రస్తావన రాదు. కాని ఆ రాత్రి యెరూషలేములో నిద్రపోతున్న పండితుల కంటే ముందు, కోటలో ఉన్న రాజు కంటే ముందు కబురు వాళ్లకు అందింది. ఎందుకంటే ఊరంతా పడుకున్న వేళ మేలుకుని ఉన్నవాళ్లు వాళ్లే.

ఈ క్రిస్మస్ రాత్రి కూడా అలా మేలుకుని ఉండేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆసుపత్రి వార్డుల్లో నర్సులు, ఆయాలు, గేటు దగ్గర వాచ్‌మెన్లు, రాత్రి బస్సు నడిపే డ్రైవర్లు, వీధులూడ్చే పారిశుధ్య కార్మికులు, గల్ఫ్ దేశాల్లో షిఫ్టులో ఉండి ఫోనులో ఇంటివాళ్ల పాటలు వినేవాళ్లు, ఇప్పటికీ మందల వెంట ఊరూరా తిరుగుతూ చేలల్లో పడుకునే మన గొల్ల కురుమలు. పండుగ పూట గుడికి వెళ్లలేకపోయామని మీలో ఎవరైనా బాధపడుతుంటే, దయచేసి బాధపడకండి. ముందుగా మీకు, ఆ తర్వాత మిగిలిన శ్రోతలందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.